ఆన్ చేస్తే ఎఫ్1 నొక్కమంటోందా? ఫార్మాట్‌కి ఒప్పుకునే ముందు ఈ బిళ్ళ చూడండి

ఈ ఎపిసోడ్ ఫోన్ గురించి కాదు, ఇంట్లో మూలన గుడ్డ కప్పుకుని కూర్చున్న డెస్క్‌టాప్ గురించి. "మాకెందుకన్నా అది" అని స్క్రోల్ చేసేయకండి. మీ పదో తరగతి సర్టిఫికెట్ స్కాన్లు, అమ్మానాన్నల పాత ఫోటోలు చాలా ఇళ్ళల్లో ఇంకా దాంట్లోనే ఉన్నాయి.

ధర్మవరం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వాళ్ళ నాన్న పట్టుచీరలకు డిజైన్లు వేస్తారు. అంచు, కొంగు, బుటా అన్నీ కంప్యూటర్లోనే గీస్తారు. ఏళ్ళ కొద్దీ చేసిన పని అంతా ఆ ఒక్క మిషన్లో ఉంది. ఒకరోజు ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు: "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డేట్ అండ్ టైమ్ నాట్ సెట్, ప్రెస్ ఎఫ్1 టు కంటిన్యూ." ఎఫ్1 కొడితే విండోస్ గుర్తు వస్తుంది, ఒక్క క్షణం నీలం స్క్రీన్, మళ్ళీ రీస్టార్ట్. షాపుకి ఫోన్ చేస్తే చూడకుండానే "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అన్నారంట. తమ్ముడు అడిగింది ఒకటే: "అన్నా, డిజైన్లు ఉంటాయా పోతాయా?"

ఉంటాయి. ఎందుకో చెప్తా.

బటన్ నొక్కగానే విండోస్ రాదు. ముందు మదర్‌బోర్డు మీద బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ లేస్తుంది. బడిలో హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ పిలుస్తుంది. ర్యామ్ ఉందా? కీబోర్డు ఉందా? డిస్క్ ఉందా? అందరూ పలికితేనే డిస్క్ దగ్గరికెళ్ళి విండోస్‌ని లేపుతుంది. ఎర్రర్ వచ్చి ఆగిందంటే ఎవరు పలకలేదో అది మీకు చెప్తోందన్నమాట. అందుకే ఏ కీ నొక్కకముందే ఫోన్ తీసి ఆ స్క్రీన్ ఫోటో కొట్టండి. సగం రిపేరు ఆ ఫోటోలోనే ఉంటుంది.

బయోస్‌కి కొన్ని సంగతులు గుర్తుండాలి: ఈరోజు తేదీ, ఏ డిస్క్ నుంచి మొదలుపెట్టాలి, ఆ డిస్క్‌తో ఏ పద్ధతిలో మాట్లాడాలి. చాలా పాత బోర్డుల్లో ఈ గుర్తుని నిలబెట్టేది ఒక బిళ్ళ బ్యాటరీ. పేరు సీఆర్2032. ఆ అంకెలు దాని సైజే: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 3 వోల్టులు. రూపాయి బిళ్ళలాగా మెరుస్తా బోర్డు మీద పడుకొని ఉంటుంది.

ఇది మనవైపు తొందరగా ఎందుకు చచ్చిపోతుంది? గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, బోర్డుకి కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది. అప్పుడు బిళ్ళ మీద భారం ఉండదు. మనం ఏం చేస్తాం? పని అయిపోగానే స్విచ్ కట్టేస్తాం. ఉరుమొస్తే ప్లగ్గే పీకేస్తాం. పీకడం తప్పు కాదు, పిడుగుకి బోర్డు కాలడం కంటే అదే నయం. కానీ ఆ గంటలన్నీ గడియారాన్ని నడిపేది బిళ్ళే. పైగా ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే అనంతపురం ఎండ. రేకుల గదిలో పెట్టిన బ్యాటరీ తనంతట తానే ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. బిళ్ళ చచ్చిపోతే బయోస్ అన్నీ మరిచిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్ళిపోతుంది. పాత బోర్డుల్లో డిస్క్‌తో మాట్లాడే పద్ధతి రెండు రకాలు: ఐడీఈ, ఏహెచ్‌సీఐ. మీ విండోస్ ఏహెచ్‌సీఐలో ఎక్కించి ఉంటే, బయోస్ మరిచిపోయి ఐడీఈకి మారితే, విండోస్‌కి తన డిస్క్ తనకే కనపడదు. నీలం స్క్రీన్ వస్తుంది. దాని మీద వరుస సున్నాల చివర 7బీ అనో, "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అనో ఉంటుంది. విండోస్ పోలేదు, డిస్క్ పోలేదు, ఫైళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. ఒక్క సెట్టింగ్ మారిందంతే. దీనికి ఫార్మాట్ కొట్టడమంటే తాళంచెవి కనపడలేదని ఇల్లు కూలగొట్టుకోవడమే.

"సీ డ్రైవే కదా ఫార్మాట్ చేసేది" అంటారు షాపులో. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో పెట్టినవన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి నాయనా! మనోళ్ళు ఫైళ్ళు పెట్టేది ఎక్కువగా అక్కడే.

తమ్ముడికి చెప్పింది మీకూ చెప్తా. షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకేయండి. పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క డోర్ స్క్రూలు విప్పండి. లోపల చెయ్యి పెట్టేముందు క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకోండి, మన ఒంట్లో ఉన్న స్టాటిక్ దిగిపోతుంది. బిళ్ళ పక్కనున్న చిన్న క్లిప్పుని జరిపితే అదే పైకి లేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు ప్లస్ గుర్తు, అక్షరాలు పైకి కనపడాలి.

ఆన్ చేసి డిలీట్ కీ టకటకా కొట్టండి. కొన్ని కంపెనీ మిషన్లకి ఎఫ్2 లేదా ఎఫ్10. బయోస్‌లో తేదీ, టైమ్ పెట్టండి. తర్వాత సాటా మోడ్ అనో స్టోరేజ్ కాన్ఫిగరేషన్ అనో ఉంటుంది. మార్చకముందు ఫోటో తీసుకోండి. ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐ చేసి, సేవ్ కొట్టి బయటికి రండి. అప్పటికీ విండోస్ రాకపోతే ఫోటో చూసి వెనక్కి మార్చేయండి. ధర్మవరంలో విండోస్ వచ్చేసింది. డిజైన్లు ఒక్కటీ పోలేదు. ఆ సాయంత్రమే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నారు, అది నేను గట్టిగా అడిగి చేయించా.

కొత్త మిషన్లు ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. బయోస్ సెట్టింగులు కదిలిస్తే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడగొచ్చు. ముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసుకోండి.

తేదీ తప్పుంటే ఇంకో తమాషా ఉంది. ఎఫ్1 కొట్టి ఎట్లాగో లోపలికి వెళ్ళినా బ్రౌజర్ ప్రతి సైట్‌కీ "కనెక్షన్ సురక్షితం కాదు" అంటుంది. వెబ్‌సైట్ సర్టిఫికెట్‌కి మొదలు, చివర తేదీలు ఉంటాయి. మీ కంప్యూటర్ 2012లో ఉంటే ఆ సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. నెట్ సెంటర్లో అప్లికేషన్ చివరి రోజున "సర్వర్ డౌన్" అంటే ఒకసారి కింద మూలన తేదీ చూడమనండి.

మిగతా ఎర్రర్లు గబగబా. "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అంటే ముందు పెన్‌డ్రైవ్ పీకి చూడండి, తర్వాత డిస్క్ కేబుల్ వదులుగా ఉందేమో చూడండి. "సీపీయూ ఫ్యాన్ ఎర్రర్" అంటే దుమ్ము. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, ఆ గాలే మన కిటికీలోంచి మట్టి తెచ్చి ఫ్యాన్‌లో కూర్చోబెడుతుంది. స్క్రీన్ రాకుండా బీప్ బీప్ అంటే ఎక్కువసార్లు ర్యామే. తీసి, బంగారు రంగు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి పెట్టండి. కీబోర్డ్ దొరకలేదు, ఎఫ్1 నొక్కండి అని కూడా వస్తుంది. లేని కీబోర్డ్ మీద ఎట్ల నొక్కాలో రాసినోడికే తెలియాలి!

ఒక్కచోట మాత్రం మీరు చెయ్యి పెట్టొద్దు. డిస్క్ టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే ఆఫ్ చేసేయండి. పదిసార్లు రీస్టార్ట్ చేస్తే మిగిలింది కూడా గీసుకుపోతుంది. అది డేటా రికవరీ వాళ్ళ పని.

స్టార్టింగ్‌లో ఆగిపోవడం మన పాత డబ్బాలకే అనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళ అప్‌డేట్ ఒకటి తేడా కొట్టి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ప్రపంచంలో 85 లక్షల విండోస్ మిషన్లు నీలం స్క్రీన్‌లో ఇరుక్కున్నాయి. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. చాలా మిషన్లకి మందు ఏంటంటే, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక్క ఫైల్ తీసేయడం. అంత పెద్ద కంపెనీలు కూడా ఆరోజు మొదట చూసింది ఏ ఫైల్ దగ్గర ఆగిందో. అన్నట్టు, నీలం స్క్రీన్ చూసి మైక్రోసాఫ్ట్‌ని తిట్టుకునేవాళ్ళకి: ఆ కంపెనీ పెద్ద సత్య నాదెళ్ళ వాళ్ళ నాన్న యుగంధర్ గారి సొంతూరు బుక్కాపురం, మన అనంతపురం జిల్లానే. కొంచెం మెల్లగా తిట్టండి.

తీసేసిన పాత బిళ్ళని టేబుల్ మీద వదిలేయకండి. చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. కంప్యూటర్‌కి పనికిరాని బ్యాటరీకి కూడా ఆ శక్తి మిగిలే ఉంటుంది. మింగారని అనుమానం వచ్చినా నేరుగా ఆసుపత్రికే. రెండు వైపులా టేపు చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చేంతవరకు పిల్లలకి అందనంత పైన పెట్టండి. మీ స్క్రీన్ మీద ఏం రాసి ఆగిందో ఆ ఫోటో పంపండి, చూసి చెప్తా. ఉంటాను.