సౌరఫలకములు: పరీక్షలు, ప్రమాణములు

పాలకొల్లు పరిసర గ్రామములలో డాబాలపైనను, వీధిదీపముల స్తంభములపైనను సౌరఫలకములు కానవచ్చుచున్నవి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము 3 కిలోవాట్ల గృహవ్యవస్థకు 78,000 రూపాయల సహాయమును నిర్ణయించినది. ఫలకము 25 సంవత్సరములు పనిచేయునని విక్రేతలు చెప్పుదురు. కాని మేలురకమును, నాసిరకమును ప్రక్కప్రక్కన నిలిపినను కంటికి భేదము తెలియదు. ఆ భేదమును తేల్చునవి పరీక్షలే. వానిని గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములను ఇచట వివరించుచున్నాము.

నిబంధన యేమి?

2017 సెప్టెంబరులో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వశాఖ జారీచేసిన ఉత్తర్వు సౌరఫలకములకు భారతీయ ప్రమాణముల సంస్థ, అనగా బి.ఐ.ఎస్. వారి రిజిస్ట్రేషనును తప్పనిసరి చేసినది. ఇందుకు రెండు ప్రమాణములు ముఖ్యమైనవి. ఐ.ఎస్. 14286 మన్నికను, ఐ.ఇ.సి. 61730 భద్రతను పరీక్షించును. తయారీదారుడు తన ఫలకముల నమూనాలను గుర్తింపుగల పరీక్షాలయమునకు పంపవలెను.

పరీక్షలు ఎట్లు జరుగును?

ఫలకమును శూన్యమునకు దిగువ 40 డిగ్రీల చలికిని, 85 డిగ్రీల వేడికిని మార్చి మార్చి 200 పర్యాయములు గురిచేయుదురు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతము తేమలో 1,000 గంటలు, అనగా దాదాపు 42 దినములు ఉంచుదురు. చదరపు మీటరునకు సుమారు 245 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడిని ముందువైపునను, వెనుకవైపునను కలిగింతురు. వడగండ్లకు బదులు 25 మిల్లీమీటర్ల మంచుగుండ్లతో కొట్టుదురు. ఒక్క గడిపై నీడ పడిన అది ఎంత వేడెక్కునో చూతురు. మన తోటలలో కొబ్బరిమట్ట నీడ చేయు కీడు ఇదియే. ఒక్కొక్క పరీక్ష పిమ్మట విద్యుదుత్పత్తి 5 శాతమునకు మించి తగ్గరాదు.

భద్రత విషయము మరింత ముఖ్యము. తేమ లోనికి చొరబడినచో విద్యుత్తు చట్రమునకు ప్రాకవచ్చును. ఎండ కాయుచున్నంతసేపు ఫలకములో విద్యుత్తు పుట్టుచునే యుండును. దానిని ఆపుటకు ఫలకమునకు మీట లేదు. వరుసగా కలిపిన ఫలకములలో వందలకొలది వోల్టులుండును. కావుననే ఫలకమును నీటిలో తడిపి విద్యుత్తు కారుచున్నదేమో పరీక్షింతురు.

మన ప్రాంతమునకు ప్రత్యేకము

మన గ్రామములు సముద్రమునకు చేరువ. ఉప్పుగాలి లోహమును తినివేయును. ఉప్పుమంచు పరీక్షకు ఐ.ఇ.సి. 61701 అను వేరు ప్రమాణము గలదు. పైని చెప్పిన రెండింటిలో ఇది చేరదు. కావున టెండరులో ప్రత్యేకముగా కోరవలెను. కోళ్ళఫారముల, పశువులపాకల కప్పులపై అమర్చునపుడు అమ్మోనియా వాయువును తట్టుకొను పరీక్షను, అనగా ఐ.ఇ.సి. 62716ను గూడ అడుగుట మేలు.

1996 నవంబరు 6వ తేదీ తుపాను గోదావరి కావలనున్న కోనసీమను ఎట్లు నేలమట్టము చేసినదో మనమెరుగుదుము. ధ్రువపత్రము ఫలకమునకే గాని, దానిని నిలుపు ఇనుప చట్రమునకు, బోల్టులకు వర్తింపదు. వానిని ఇంజనీరుచే పరీక్షింపజేయవలెను.

సభ్యులు చేయదగిన పనులు

1. టెండరులో ప్రమాణముల సంఖ్యలను స్పష్టముగా వ్రాయవలెను.

2. సరుకు రాగానే ఫలకము వెనుకనున్న పట్టీపై తయారీదారుని పేరు, మోడలు, వాట్లు ధ్రువపత్రముతో సరిచూడవలెను. ఒక మోడలు ధ్రువపత్రము వేరొక మోడలునకు చెల్లదు.

3. పట్టీపైనున్న "ఆర్" అక్షరముతో మొదలగు రిజిస్ట్రేషను సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో పరిశీలింపవచ్చును.

4. పనివారు ఫలకములపై నడువకుండ చూడవలెను. లోపలి గడులలో కలుగు చీలికలు కంటికి కానరావు.

5. ఎర్తింగును పరీక్షించి, ఉత్పత్తిని రిజిస్టరులో వ్రాసిన పిదపనే బిల్లు చెల్లింపవలెను.

పరీక్షాలయము నమూనాను మాత్రమే చూచినది. గ్రామమునకు వచ్చిన సరుకును చూడవలసినవారు సభ్యులే. ధర తక్కువయని తొందరపడక, కాగితమును పట్టీతో పోల్చుటకు ఒక గంట వెచ్చించినచో గ్రామధనమును, గ్రామస్థుల ప్రాణములను కాపాడినవారగుదురు.