మీకు తెలుసా? బయాప్సీ స్లైడులో చెట్టు చేవ

బయాప్సీకి తీసిన ముక్కను రంగు వేయకుండా మైక్రోస్కోపు కింద పెడితే దాదాపు ఏమీ కనపడదు. ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో దిమ్మగా పోసి, మైక్రోటోమ్‌తో 3 నుంచి 5 మైక్రాన్ల మందాన కోస్తారు. ఎర్ర రక్తకణం వెడల్పే 7 మైక్రాన్లు! అంత పల్చని పొరలో ఏ కణం ఎక్కడుందో చెప్పేది రంగే.

ఆ రంగుల్లో ముఖ్యమైనది ఇప్పటికీ ఒక చెట్టు నుంచే వస్తోంది. ఆ రంగు పేరు హెమటాక్సిలిన్. మెక్సికోలోని కాంపెచె పేరు పెట్టుకున్న ఆ చెట్టు మన చింత, తంగేడు ఉన్న కుటుంబానిదే. దాని చేవను ఉడికించి రంగు తీస్తారు. ఐరోపాలో బట్టల అద్దకానికి దీనికి ఎంత గిరాకీ ఉండేదంటే, ఆ దుంగలు కొట్టుకోవడానికి వెళ్లిన ఇంగ్లీషువాళ్ల మకాములే పెరిగి నేటి బెలీజ్ దేశమయ్యాయి.

అయితే ఈ రసం ఉన్నపళంగా అంటదు. గాలి తగిలి మాగాలి, లేదా ఆక్సీకరణ మందు కలపాలి. అప్పుడు కూడా పటిక తోడుంటేనే కణకేంద్రకాన్ని పట్టుకుంటుంది. పెడన కలంకారీలో పటిక అద్దిన చోటే ఎరుపు నిలుస్తుంది కదా, ఇక్కడా కిటుకు అదే. 1865లో బోమర్ అనే జర్మన్ ఈ జోడీని వాడి చూపించాడు. నాకు బాగా నచ్చే ఘట్టం ఆ తర్వాతిది: రంగులోంచి తీసినప్పుడు ఎర్రగా, ఊదాగా ఉండే కేంద్రకాలు కాస్త క్షారగుణమున్న కుళాయి నీళ్లు తగలగానే నీలమైపోతాయి.

తర్వాత ఇయోసిన్. ఉషోదయ దేవత ఇయోస్ పేరు పెట్టిన ఈ కృత్రిమ రంగు కేంద్రకం చుట్టూ ఉన్న భాగాన్ని గులాబీ చేస్తుంది. 1876 నుంచి ఈ రెండూ జంట. ల్యాబుల్లో ‘హెచ్ అండ్ ఈ’ అంటారు. చాలా క్యాన్సర్లలో కేంద్రకాలు పెద్దవై, రంగు ఎక్కువ పీల్చి ముదురుగా కనిపిస్తాయి. పాథాలజిస్టు ముందుగా వెతికే గుర్తుల్లో అదొకటి.

మీ ఇంట్లో ఎవరికైనా బయాప్సీ చేయిస్తే రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకండి. మైనపు దిమ్మను, స్లైడ్లను కూడా అడిగి తీసుకుని, ఎండ తగలని చోట భద్రంగా దాచండి. రేపు మరో డాక్టరు అభిప్రాయం కావాలంటే, ముందుగా అడిగేవి అవే.