పోరు జరిగిన చోట ఒకే చాప
మూడు రాజ్యాల కథతో వచ్చిన గేమ్స్ ఆడారా? అయితే జాంగ్ లియావో మీకు తెలిసే ఉంటాడు. క్రీ.శ. 215లో చైనాలోని హెఫెయ్ దగ్గర 800 మందితో సున్ చువాన్ మహాసైన్యం మీద పడ్డ వీరుడు. ఆ రణరంగం ఇప్పుడు షియావోయావోజిన్ పార్కు. చెరువులో పడవలు, గుర్రం మీద ఆయన విగ్రహం, చుట్టూ సరదాగా తిరిగే జనం.

మనకీ అలాంటి చోటుంది. మా పొదిలి నుంచి బండేసుకుని వెళ్తే ఒక్క పూటలో చేరిపోయే కారంపూడి. 12వ శతాబ్దంలో మాచర్ల, గురజాల సేనలు నాగులేటి ఒడ్డున తలపడింది ఇక్కడే. కోడిపందెంతో రాజుకున్న దాయాదుల పగ, బాలచంద్రుడి లాంటి కుర్రాళ్లని మింగేసింది.

ఇక్కడ ఆ జ్ఞాపకాన్ని మోసేది వీరుల గుడి. ఏటా కార్తీకంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజుల ఉత్సవాలు. వీరుల ఆయుధాలకు పూజలు. మందపోరు రోజున చాపకూడు: కులం అడక్కుండా అందరికీ కలిపి భోజనం. బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పుకునే పద్ధతి ఇది.

ఎవరు గెలిచారన్నది పాతకథ. పక్కన ఎవరు కూర్చున్నా తినగలమా అన్న ప్రశ్న మాత్రం ఇంకా పాతబడలేదు. ఈ కార్తీకంలో వెళ్లండి. రీల్ తీసుకోండి, తప్పులేదు. ముందు ఆ బంతిలో కూర్చుని నాలుగు ముద్దలు తినండి.