వేగము పెంచినపుడు కారు వణకుటేల?

హైదరాబాదు నుండి 65వ జాతీయ రహదారిపై జహీరాబాదు దాటి కర్ణాటక వైపు పోవు కారొకటి, ముందున్న లారీని దాటబోయి వేగము పెంచగానే వణకినదనుకొందము. ఆక్సిలరేటరుపై కాలు తీయగానే వణకు ఆగినది. ఎదుట బస్సు వచ్చుచున్నచో ఇది ప్రాణాపాయమే. దోషమెక్కడ?

నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను నిమిషమునకు 3000 సార్లు తిరుగునపుడు, సెకనుకు మొత్తము 100 సార్లు ఇంధనము మండును. ఒక సిలిండరులో మంట తప్పినచో అందు 25 తోపులు లోపించును. ఆక్సిలరేటరు నొక్కినకొలది సిలిండరులో గాలి పీడనము హెచ్చును. పీడనము హెచ్చినకొలది ప్లగ్గు కొనల నడుమ నిప్పురవ్వ దూకుటకు ఎక్కువ వోల్టేజి కావలెను. అందుచే అరిగిన ప్లగ్గు, బలహీనమైన కాయిలు సరిగా ఆ సమయముననే విఫలమగును.

స్కానరు తగిలించినచో మంట తప్పిన సిలిండరు తెలియును. ఇంజను చల్లారిన పిమ్మట దాని కాయిలును వేరొక సిలిండరుకు మార్చి చూడవలెను. దోషము కాయిలుతో పాటు కదలినచో కాయిలే చెడినది. కదలనిచో ప్లగ్గును, పిదప ఇంజెక్టరును అట్లే పరీక్షింపవలెను.

మంట సరిగా ఉండి, లాగునపుడు మాత్రమే వణకినచో ఇరుసుల లోపలి జాయింట్లు అరిగియుండవచ్చును. కాలు తీసినను ఒకానొక వేగమున వణకు నిలిచినచో చక్రముల బ్యాలెన్సింగు చూడవలెను.

ఇంజను దీపము మిణుకుమనుచున్నచో వేగము తగ్గించి, సురక్షితమైన చోట బండి ఆపవలెను. మండని పెట్రోలు పొగగొట్టములోని కన్వర్టరును చేరి, అచట మండి దానిని పాడుచేయును.

అన్నియు ఒకేసారి మార్చినచో ఖర్చగునే కాని కారణము తెలియదు. ఒకసారి ఒక్కటే మార్చుట ప్రయోగశాలకే కాదు, మెకానిక్కు షెడ్డుకును నియమము.