పంటి గార – పదునైన పనిముట్టు

గార తీయించుకొన్నచో పండ్లు కదలునను భయము మన యిండ్లలో నేటికిని పోలేదు. అందువలన చిగుళ్ళనుండి నెత్తురు కారుచున్నను పెక్కుమంది ఉప్పునీరు పుక్కిలించి యూరకుందురు. నిజమునకు పండ్లను కదలించునది వైద్యుని పనిముట్టు కాదు. గారనంటి చిగుళ్ళక్రింద పెరుగు పాచియే. దానివలన పుట్టిన వాపు పంటిని పట్టియుంచు ఎముకను మెల్లమెల్లగా కరగించును. గార పోయినపిమ్మట సందులు కనబడుట అదివఱకే జరిగిన నష్టము బయటపడుటయే.

కావున ఆ పనిముట్లను గూర్చి సోదరీమణులు కొంత తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

మొదటిది కొలతపుల్ల. మిల్లీమీటరు గీతలుగల యొక కొలతపుల్లను 1936లో ఛార్లెస్ విలియమ్సు అను వైద్యుడు ప్రచారమునకు తెచ్చెను. ఆరోగ్యమైన చిగురునకును పంటికిని నడుమ లోతు సాధారణముగా 1 మొదలు 3 మిల్లీమీటరులుండును. చిగురు పైనున్న గారకు కొడవలివంటి వాడిమొన పనిముట్టు తగును. అది చిగురులోతునకు పోయినచో కండను చీల్చును. క్రింది గారకు కొన గుండ్రనైన క్యూరెట్టు కావలెను. గ్రేసీ క్యూరెట్టులు పండ్ల ఆయా ప్రక్కలకు తగినట్లు వేర్వేరుగా వంచబడి, ఒక అంచుననే పదును కలిగియుండును.

అన్నిటికంటె ముఖ్యము పదును. మొండి కత్తిపీటతో కూర నలుగునేగాని తెగదు. అట్లే మొండి పనిముట్టు గారను పెల్లగింపక నున్నగా రుద్ది విడుచును. బలము హెచ్చించినకొలది అది జారి చిగురును గాయపఱచును. కాన దానిని సానరాతిపై నూఱుచుండవలెను. అంచుకోణము 70 మొదలు 80 డిగ్రీలలో నిలువవలెను. ప్లాస్టికు పుల్లపై ఆనించినపుడు అంచు కఱచిపట్టినచో పదునున్నది, జారినచో లేదు. నూఱి నూఱి సన్నగిలిన పనిముట్టు నోటిలో విఱుగవచ్చును గాన దానిని పారవేయవలెను.

పిమ్మట శుద్ధి. పనిముట్టును కడిగి, ఆరబెట్టి, సంచిలో మూసి, ఒత్తిడిగల ఆవిరియంత్రమున 121 డిగ్రీల వేడిని 15 నిమిషములకు తక్కువగాకుండ, లేక 134 డిగ్రీల వేడిని 3 నిమిషములకు తక్కువగాకుండ ఉంచవలెను. మరిగిన నీరు చాలదు. హెపటైటిస్ బి అను కాలేయవ్యాధి నెత్తురంటిన పనిముట్లద్వారా ఒకరినుండి వేఱొకరికి సోకగలదు.

బజారులో కొన్న కొక్కెములతో ఇంట పిల్లల పండ్లను గీకవలదు. వైద్యునికడ సంచిని మీ యెదుటనే విప్పుమని యడుగుటకు సంకోచింపవలదు. మంచి వైద్యుడు అందులకు నొచ్చుకొనడు.