పాడైన డొమైన్ కంట్రోలర్‌ను తొలగించడం

సంస్థ నెట్‌వర్క్‌లో ఎవరు లాగిన్ కావచ్చో తేల్చే సర్వర్ డొమైన్ కంట్రోలర్. నంద్యాల ఆఫీసులో ఒకటి, ఆళ్లగడ్డ బ్రాంచిలో ఒకటి ఉన్న వ్యాపారానికి ఒకటి పాడైనా పని ఆగదు. అయితే పోయిన సర్వర్ పేరు యూజర్లు, కంప్యూటర్ల వివరాలుండే యాక్టివ్ డైరెక్టరీలో అలాగే మిగులుతుంది. రెండోది దానికోసం వెతుకుతూనే ఉంటుంది, ఎర్రర్లు పేరుకుపోతాయి.

ముందు డొమైన్ కంట్రోలర్లు మోసే అయిదు ప్రత్యేక బాధ్యతలు (ఎఫ్‌ఎస్‌ఎంఓ రోల్స్) ఏ సర్వర్ దగ్గరున్నాయో చూడాలి. పోయినదాని దగ్గరుంటే ఎన్‌టీడీఎస్‌యుటిల్ అనే కమాండ్ టూల్‌తో బతికున్న సర్వర్‌కు బలవంతంగా అప్పగించాలి. తర్వాత యాక్టివ్ డైరెక్టరీలోని డొమైన్ కంట్రోలర్స్ విభాగంలో పాత పేరును డిలీట్ చేయాలి. విండోస్ సర్వర్ 2008 నుంచి దీంతోనే ఆ సర్వర్ గురించిన లోపలి సమాచారం (మెటాడేటా) కూడా పోతుంది. అంతకుముందు అదంతా కమాండ్లతో చేసే ఓపిక పని. పేర్లను అడ్రసులతో కలిపే డీఎన్‌ఎస్‌లో మిగిలిన పాత రికార్డులనూ వెతికి తీసేయాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. బాధ్యతలు లాగేసుకున్నాక పాత సర్వర్ మళ్లీ లేచినా, డిస్కు చెరిపి విండోస్ కొత్తగా ఎక్కించకుండా నెట్‌వర్క్‌కు కలపకండి.