డ్రైవరు మోకాలి దగ్గర పదహారు గళ్లు

డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగ్‌కు దగ్గర్లో తడిమితే పదహారు గళ్ల సాకెట్ ఒకటి చేతికి తగులుతుంది. అదే ఓబీడీ పోర్టు. మెకానిక్ స్కానర్ గుచ్చేది ఇక్కడే. అయితే దీన్ని తప్పనిసరి చేసింది రిపేర్ల కోసం కాదు, పొగ కోసం! కాలిఫోర్నియా పట్టుదలతో మొదలై, 1996 మోడళ్ల నుంచి అమెరికా అంతటా నియమమైంది. మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 వచ్చింది 2013 ఏప్రిల్‌లో.

గళ్లన్నిట్లో పిన్నులుండవు. బోసిగా ఉన్నవాటిని చూసి ఎవరో పీకేశారని కంగారు పడనక్కర్లేదు. వెడల్పు వైపు పైకి పెట్టి చూస్తే పై వరస ఎడమ నుంచి 1 మొదలు 8 దాకా, కింది వరస 9 మొదలు 16 దాకా.

16వ పిన్ను బ్యాటరీ ప్లస్. తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. బ్లూటూత్ డాంగిల్ అలాగే వదిలేసి ఊరెళ్తే బ్యాటరీ దిగిపోయేది అందుకే. చాలా కార్లలో దీనికీ సిగరెట్ లైటర్‌కూ ఒకటే ఫ్యూజు. నాసిరకం ఫోన్ చార్జర్‌తో ఆ ఫ్యూజు కొట్టేస్తే స్కానర్ వెలగదు, నింద మాత్రం స్కానర్ మీద పడుతుంది. ఎర్తుకు రెండు పిన్నులు: 4 బాడీది, 5 సిగ్నల్‌ది.

అసలు కబుర్లు నడిచేది 6, 14 పిన్నుల్లో. ఈ జంట తీగల పద్ధతి పేరు క్యాన్, జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపింది. ఊరికే ఉన్నప్పుడు రెండు తీగల్లోనూ 2.5 వోల్టులే. సందేశం కదలగానే ఒకటి 3.5కు ఎక్కుతుంది, రెండోది 1.5కు దిగుతుంది. అవతలి కంప్యూటర్ చూసేది ఆ తేడానే. స్పార్కు ప్లగ్గుల రొద రెండు తీగల్నీ ఒకేలా కదిపినా తేడా చెక్కుచెదరదు. చాలా తెలివైన ఏర్పాటు! మల్టీమీటర్ ఉన్నవాళ్లకో చిట్కా: బ్యాటరీ విప్పేసి 6, 14 మధ్య కొలిస్తే చాలా కార్లలో సుమారు 60 ఓమ్‌లు రావాలి. లైను రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి మరి. 120 చూపిస్తే ఒక కొస తెగిందని అనుమానించొచ్చు.

పాత కార్లలో 7వ పిన్నే మాట్లాడేది. కొన్నిట్లో దాని తొలి పలకరింపు ఎంత నిదానమంటే సెకనుకు ఐదు బిట్లు! పది బిట్లు పూర్తయ్యేసరికి రెండు సెకన్లు. నేటి క్యాన్ వేగం మామూలుగా సెకనుకు ఐదు లక్షల బిట్లు.

2, 10 పాత అమెరికన్ కార్లవి. ఫోర్డు రెండూ వాడుకుంది, జనరల్ మోటార్స్ 2తో సరిపెట్టుకుంది.

1, 3, 8, 9, 11, 12, 13 కంపెనీల ఇష్టం. ఒక కారులో ఎయిర్‌బ్యాగు దాకా చదివిన స్కానర్ మరో కారులో ఇంజన్ దగ్గరే ఆగిపోవడానికి ఇదో కారణం. పొగ లెక్క చెప్పమన్న చట్టం మిగతా తలుపుల తాళాలు కంపెనీలకే వదిలేసింది. వీధి మెకానిక్‌కు ఇది అన్యాయమే. ఆ గళ్లలో ఏముందో తెలియాలంటే ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమే దిక్కు, ఊహించి తీగ తగిలించొద్దు.

లారీల్లో 24 వోల్టులు కదా, వాటి సాకెట్ నడిమి గాడిని మధ్యలో తెంచి పెట్టారు. 12 వోల్టుల కారు స్కానర్ అందులో దూరదు.